చిల్లుల కాగితం వెంట వియన్నాలో నాలుగు రోజులు

హెడీ లామార్ పేరు చెప్పగానే జనం రెండు మాటలు అంటారు: ప్రపంచంలోకెల్లా అందగత్తె, వైఫై కనిపెట్టిన నటి. మొదటిది హాలీవుడ్‌లోని ఎమ్‌జీఎమ్ స్టూడియో ప్రచారం. రెండోది పొగడ్తలాగే వినిపిస్తుంది కానీ ఆమె నిజంగా చేసిన పనిని మరుగున పడేస్తుంది. ఆమె చేసింది వైఫై కన్నా చిన్నది, దానికన్నా సొగసైనది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, నీళ్ళలో దూసుకెళ్ళి ఓడలను ముంచే టార్పెడోను శత్రువు అడ్డుకోలేని రేడియోతో నడపడానికి ఆమె పేటెంట్ తీసుకుంది: చిల్లులు పొడిచిన కాగితాన్ని రెండు చోట్ల ఒకే వేగంతో నడిపించి, ఆ రెండు చోట్లూ ఒకేసారి రేడియో స్టేషన్ మార్చేలా చేయడమే ఆ ఆలోచన. ఆమె పుట్టి పెరిగిన వియన్నాకు ఈ ప్రయాణం ఆ కాగితం కోసమే. ఇందులోని ధరలూ దారులూ 2024 నవంబర్ నాటివి. అప్పుడు యూరో సుమారు 90 రూపాయలు.

నవంబర్ 8, 2024, శుక్రవారం: డోబ్లింగ్, సీవరింగ్

వియన్నాలో ముందు నేర్చుకోవాల్సింది చిరునామా చదవడం. పిన్‌కోడ్‌లో నడిమి రెండంకెలే వార్డు నంబరు. 1190 అంటే పందొమ్మిదో వార్డు, డోబ్లింగ్. 1914 నవంబర్ 9న పుట్టిన హెడ్విగ్ ఎవా మరియా కీస్లర్ పెరిగింది ఈ వార్డులోని పీటర్ యోర్డాన్ వీధిలో.

72 గంటల టికెట్ అప్పుడు 17.10 యూరోలు. శుక్రవారం మధ్యాహ్నం ముద్ర వేయించుకుంటే సోమవారం మధ్యాహ్నం దాకా మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ అదే చెల్లేది. స్టేషన్లలో గేట్లు ఉండవు, టికెట్ అడిగేవాళ్ళూ కనిపించరు. అలాగని ముద్ర వేయించడం మరిచిపోతే, మామూలు దుస్తుల్లో వచ్చే తనిఖీవాళ్ళు 100 యూరోలకు పైగా జరిమానా రాస్తారు. టికెట్ చేతిలోనే ఉందిగా అంటే వినరు.

డోబ్లింగ్‌కు షాటెన్‌టోర్ నుంచి 37, 38 ట్రాములు వెళ్తాయి. కొత్తవాళ్ళు దారి తప్పేది సరిగ్గా అక్కడే. ఆ స్టేషన్‌కు రెండు అంతస్తులున్నాయి. పై అంతస్తులో 43, 44 తిరుగుతాయి, 37, 38 కింది అంతస్తులోని గుండ్రటి పట్టాల మీదికి వస్తాయి. పైన నిలబడితే ఎంతసేపైనా మన ట్రామ్ రాదు.

పీటర్ యోర్డాన్ వీధి మెల్లగా ఎత్తెక్కుతుంది. పాత ఇళ్ళు, ముందు చిన్న తోటలు, ఇనుప గేట్లు, నవంబర్ కాబట్టి కాలిబాట నిండా ఆకులు. ఇక్కడ లోపలికి వెళ్ళి చూసేదేమీ లేదు, ఇళ్ళలో మనుషులు కాపురముంటున్నారు, గేటు దగ్గర నిలబడి ఫొటోలు తీయకపోవడమే మర్యాద. చూడాల్సింది వీధిని. తండ్రి ఎమిల్ కీస్లర్ బ్యాంకు డైరెక్టర్, ల్వీవ్ నుంచి వచ్చినవాడు. తల్లి ట్రూడె బుడాపెస్ట్‌లో పుట్టిన పియానో కళాకారిణి. కూతురిని షికారుకు తీసుకెళ్తూ, ట్రామ్ ఎలా నడుస్తుందో, అచ్చు యంత్రం ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పేవాడట తండ్రి. ఐదేళ్ళప్పుడు ఆమె తన మ్యూజిక్ బాక్స్‌ను ఊడదీసి మళ్ళీ బిగించిందన్న సంగతి ఆమె జీవితం రాసినవాళ్ళంతా చెబుతారు. తల్లి వేళ్ళ కింద పియానో, తండ్రి మాటల్లో యంత్రం. తర్వాత వచ్చిన పేటెంట్‌లో ఈ రెండూ కలిసే ఉన్నాయి.

మ్యూజిక్ బాక్స్ ఎలా పాడుతుందో ఒకసారి గుర్తుచేసుకుంటే రాబోయేది సులువవుతుంది. ఇత్తడి గొట్టం మీద చిన్న చిన్న ముళ్ళు, దాని పక్కన ఉక్కు దువ్వెన. గొట్టం తిరుగుతుంటే ముల్లు వచ్చి దువ్వెన పన్నును మీటుతుంది. ఏ పన్ను మోగాలన్నది గొట్టం అడ్డంగా ముల్లు ఎక్కడుందో చెబుతుంది, ఎప్పుడు మోగాలన్నది గొట్టం చుట్టూ అది ఎక్కడుందో చెబుతుంది. ఎక్కడ, ఎప్పుడు. ఈ రెండే.

సాయంత్రం సీవరింగ్. హైలిగెన్‌స్టాట్ మెట్రో దగ్గర 39ఏ బస్సు ఎక్కితే సరాసరి వెళ్తుంది. కౌంట్ సాషా కొలోవ్రాట్ స్థాపించిన సాషా ఫిల్మ్ స్టూడియో ఈ వీధుల్లోనే ఉండేది. బడి ఎగ్గొట్టడానికి అమ్మ రాసిచ్చిన చీటీలో ‘ఒక గంట’ పక్కన సున్నా చేర్చి పది గంటలు చేసిందని, ఆ తీరికలోనే స్టూడియోలో స్క్రిప్ట్ చూసుకునే పని సంపాదించిందని చెబుతారు. 1930లో తొలి చిన్న వేషం కూడా ఆ సంస్థ సినిమాలోనే.

సీవరింగ్‌లో ఇప్పుడు కంటికి ఆనేది ద్రాక్ష. గుమ్మం మీద పైన్ కొమ్మల కట్ట వేలాడుతుంటే ఆ ఇంట్లో వాళ్ళ తోట వైన్ పోస్తున్నారని అర్థం. ఆ ఇళ్ళను హోయ్రిగర్ అంటారు. వైన్ మనిషి బల్ల దగ్గరికి తెచ్చి ఇస్తాడు, తిండి మాత్రం మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళి తెచ్చుకోవాలి. ఈ సంగతి తెలియక బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూసేవాళ్ళు చాలామంది. ‘ఆఖ్టెల్’ అంటే లీటరులో ఎనిమిదో వంతు. పలు రకాల ద్రాక్షను ఒకే తోటలో కలిపి పెంచి, కలిపే కోసి, కలిపే పిండే వైన్ ఈ ఊరి ప్రత్యేకత. తాగనివాళ్ళకు ద్రాక్షరసం ఉంటుంది, చాలా బాగుంటుంది. శాకాహారులు ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. బంగాళదుంప సలాడ్‌ను తరచుగా గొడ్డుమాంసం రసంతో కలుపుతారు, చూపుకు తెలియదు. దోసె ముక్కలు వేసినట్టుండే ఫ్రిటాటెన్ సూప్‌లోనూ అదే రసం. మిరపపొడి కలిపిన లిప్టావర్ చీజ్, నల్ల రొట్టె, గుమ్మడికాయ గింజల నూనె అడిగితే కడుపు నిండుతుంది. మనిషికి 15 యూరోల లోపే అయింది. నోట్లు దగ్గరుంచుకోవడం మంచిది, కార్డు అన్నిచోట్లా తీసుకోరు.

నవంబర్ 9, శనివారం: నాష్‌మార్క్ట్ నుంచి యూడెన్‌ప్లాట్స్ దాకా

ఆమె పుట్టినరోజు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఈ తారీఖును ఆమె పేరు మీదుగా ‘ఆవిష్కర్తల దినం’గా జరుపుకుంటారు.

శనివారం కాబట్టి కెటెన్‌బ్రూకెన్‌గాసె మెట్రో పక్కన పాత సామాన్ల సంత. పొద్దున ఎనిమిదికే వెళ్ళాలి, మధ్యాహ్నానికి సర్దేస్తారు. బేరం ఆడొచ్చు, కానీ ముందు ‘గ్రూస్ గాట్’ అని పలకరించి ఆడాలి. పలకరించకుండా వస్తువు చేతిలోకి తీసుకుంటే ముఖం ముడుచుకుంటారు. సంత దాటితే నాష్‌మార్క్ట్. ఆలివ్‌లు, ఊరగాయలు, ఫలాఫెల్ రుచి చూడమని ఫోర్కుతో చేతికే అందిస్తారు. రుచి చూశాక కొనకుండా కదలడం కష్టం, 100 గ్రాముల ధర రాసి ఉన్న బోర్డు ముందే చదువుకోవాలి. రొట్టెలో చుట్టిన ఫలాఫెల్ 6 యూరోలు.

మార్కెట్ చివరి దగ్గరే థియేటర్ ఆన్ దెర్ వీన్. 1801లో కట్టారు, బేతోవెన్ ఒపేరా ‘ఫిడేలియో’ మొదటిసారి ఆడింది ఇక్కడే. 1933లో హెడీ ఇక్కడ ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్‌గా ‘సిస్సీ’ నాటకంలో నటించింది. అదే ఏడాది ‘ఎక్‌స్టసీ’ అనే చెక్ సినిమా విడుదలై, అందులోని నగ్న దృశ్యం వల్ల ఆమె పేరు యూరప్ అంతా పాకింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. జీవితాంతం ఆ ఒక్క దృశ్యమే ఆమెను వెంటాడింది. ఇంత బుర్ర ఉన్న మనిషిని అంత తక్కువగా చూశారన్న బాధ ఈ వీధిలో నడుస్తుంటే కలుగుతుంది.

పది నిమిషాల నడకలో కార్ల్స్‌కిర్షె చర్చి. 1713 ప్లేగు తర్వాత ఆరో చార్లెస్ చక్రవర్తి మొక్కు తీర్చుకోవడానికి కట్టించింది. ముందు రెండు పెద్ద స్తంభాలు, మధ్యలో కోడిగుడ్డు ఆకారపు గుమ్మటం, ఎదురుగా నీళ్ళ చెరువు. లోపలికి వెళ్ళడానికి పది యూరోలకు కాస్త తక్కువ. 1933 ఆగస్టు 10న ఆమె పెళ్ళి జరిగింది ఇక్కడ. వరుడు ఫ్రిట్జ్ మాండ్ల్, హిర్టెన్‌బెర్గ్ తూటాల ఫ్యాక్టరీ యజమాని, ముస్సోలినీతో వ్యాపారం ఉన్నవాడు. పుట్టుకతో యూదు అమ్మాయి, క్యాథలిక్ పెళ్ళి, ఆయుధాల భర్త. అతను ఆమెను సినిమాలు మానిపించాడు, ‘ఎక్‌స్టసీ’ ప్రింట్లన్నీ కొనేయాలని చూశాడు. విందుల్లో పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ బల్లల దగ్గర సైనికాధికారులు, ఇంజనీర్లు ఆయుధాల గురించీ, వాటిని దూరం నుంచి నడపడం గురించీ మాట్లాడుకునేవారు. ఆమెకు అర్థం కాదనుకున్నారు.

పనిమనిషి వేషంలో పారిపోయిందన్న కథకు రకరకాల రూపాలున్నాయి. గట్టి సంగతి ఒకటే: 1937లో భర్తను వదిలి పారిస్, ఆపైన లండన్ చేరింది. అక్కడ ఎమ్‌జీఎమ్ అధిపతి లూయిస్ బి. మేయర్ వారానికి 125 డాలర్లు ఇస్తానంటే కాదంది. అతను తిరిగి వెళ్ళే నార్మండీ ఓడలోనే తనూ ఎక్కి, అమెరికా చేరేలోగా దాన్ని 500 డాలర్లు చేయించుకుంది. లామార్ అన్న ఇంటిపేరు కూడా ఆ ప్రయాణంలోనే వచ్చింది.

మధ్యాహ్నం కాఫీ. ఇక్కడ ‘కాఫీ’ అని అడిగితే ఏ కాఫీ అని ఎదురు ప్రశ్న వేస్తారు. పాలనురగ కలిపినది మెలాంజ్, 5 నుంచి 6 యూరోలు, వెండి పళ్ళెంలో గ్లాసుడు మంచినీళ్ళతో వస్తుంది. ఒక్క కప్పు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా లేవమని ఎవరూ అనరు. కానీ బిల్లు అడగందే రాదు. దానికి సుమారు పదో వంతు కలిపి మొత్తం ఎంతో నోటితో చెప్పి ఇవ్వాలి, బల్ల మీద చిల్లర వదిలేయడం ఇక్కడి పద్ధతి కాదు.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి. యూడెన్‌ప్లాట్స్ కూడలికి వెళ్ళింది అప్పుడే. నవంబర్ 9 ఈ ఊరికి ఇంకో తారీఖు కూడా: 1938లో ఆ రాత్రీ ఆ మర్నాడూ నాజీలు వియన్నా యూదుల ప్రార్థనాలయాలను తగలబెట్టారు. సైటెన్‌స్టెటెన్‌గాసెలోని పెద్ద ప్రార్థనాలయం ఇళ్ళ వరుసలో ఇరుక్కుని ఉండడంతో, నిప్పు పెడితే పక్కిళ్ళు కూడా కాలిపోతాయని వదిలేశారు. యూడెన్‌ప్లాట్స్ నడుమ కాంక్రీటు గది ఒకటి ఉంది. గోడలన్నీ పుస్తకాల అరలే, కానీ పుస్తకాల వెన్నులు లోపలికి తిరిగి ఉంటాయి, ఏ పుస్తకమో చదవలేం. తలుపుకు పిడి లేదు. హత్యకు గురైన 65,000 మంది ఆస్ట్రియా యూదుల స్మారకం అది. చుట్టూ కొవ్వొత్తులు. జనం గుసగుసగా కూడా మాట్లాడుకోవడం లేదు. హెడీ తండ్రి 1935లోనే పోయాడు. తల్లి ట్రూడె లండన్ మీదుగా అమెరికాకు కూతురి దగ్గరికి చేరగలిగింది. ఆ టార్పెడో పేటెంట్ ఒక నటి సరదా అనుకునేవాళ్ళు ఈ గది ముందు కాసేపు నిలబడాలి.

నవంబర్ 10, ఆదివారం: టెక్నికల్ మ్యూజియం

ఆదివారం దుకాణాలు మూతపడతాయి, పళ్ళూ పాలూ శనివారమే కొనుక్కోవాలి. మ్యూజియం చిరునామా మరియాహిల్ఫర్ వీధి, 212. ఆ వీధి పేరు చూసి షాపింగ్ జనంతో పాటు నాయ్‌బౌగాసెలో దిగితే కిలోమీటర్ల కొద్దీ నడవాలి. 212 నంబరు ఆ వీధికి రెండో కొసన, షోన్‌బ్రున్ రాజభవనం దగ్గర ఉంటుంది. టికెట్ సుమారు 17 యూరోలు, 19 ఏళ్ళ లోపు వాళ్ళకు ఉచితం. ఇక్కడ సంగీత వాద్యాల విభాగం ఉంది, తమంతట తామే వాయించుకునే యంత్రాలు అందులో ఉన్నాయి. హెడీ ఆలోచనను చేతితో తాకినంత దగ్గరగా చూడాలంటే ఇదే చోటు.

ప్లేయర్ పియానోలో పాట కాగితపు చుట్ట మీద ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన కొలత ప్రకారం చుట్ట వెడల్పు 11¼ అంగుళాలు, అంటే 28.6 సెంటీమీటర్లు, అడ్డంగా అంగుళానికి 9 చిల్లుల వరుసలు. 88 మెట్లకు 88 వరుసలు. కాగితం ఒక ఇత్తడి పట్టీ మీదుగా జారుతుంది, ఆ పట్టీకీ 88 రంధ్రాలు. తొక్కుడు పలకలు లోపల గాలి పీల్చేస్తాయి. కాగితంలో చిల్లు పట్టీ రంధ్రం మీదికి రాగానే బయటి గాలి లోపలికి దూరుతుంది, చిన్న తిత్తి ముడుచుకుంటుంది, సుత్తి తీగను కొడుతుంది. ధర్మవరం మగ్గం మీద జకార్డు అట్టలు చూసినవాళ్ళకు ఇందులో కొత్త ఏమీ లేదు. అక్కడ చిల్లు ఏ పోగు లేవాలో చెబుతుంది, ఇక్కడ ఏ స్వరం మోగాలో చెబుతుంది. చెడిపోయే తీరూ అటువంటిదే: గాలిలో తేమ పెరిగితే కాగితం సాగి, చిల్లు పక్క రంధ్రం మీదికి జరుగుతుంది, స్వరం తప్పుతుంది. అందుకే మంచి యంత్రాల్లో కాగితాన్ని అటూ ఇటూ సర్దే ఏర్పాటు ఉంటుంది.

1940లో హాలీవుడ్‌లో హెడీకి జార్జ్ ఆంథీల్ పరిచయమయ్యాడు. 16 ప్లేయర్ పియానోలను ఒకేసారి వాయించాలని 1920లలో ‘బాలే మెకానిక్’ రాసిన సంగీతకారుడు అతను. ఆ పియానోలను ఒకే లయలో కలిపి నడపడం ఆ రోజుల్లో సాధ్యం కాలేదు. కంప్యూటర్ సాయంతో అనుకున్నట్టు వాయించింది 1999లో. చుట్టలు జతగా నడవకపోతే ఏమవుతుందో అతనికి తెలిసినంతగా తెలిసినవాళ్ళు తక్కువ.

1940 సెప్టెంబర్ 17న జర్మన్ జలాంతర్గామి ‘సిటీ ఆఫ్ బెనారస్’ ఓడను ముంచేసింది. బ్రిటన్ నుంచి కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లల్లో 77 మంది చనిపోయారు. రేడియోతో నడిపే టార్పెడో అప్పటికే జనం ఊహలో ఉంది. చిక్కంతా ఒక్కటే: ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఆజ్ఞలు పంపితే శత్రువు దాన్ని పట్టుకుని, అదే చోట గోల పుట్టించి టార్పెడోకు చెవుడు తెప్పిస్తాడు. హెడీ ఆలోచన: ఒక్కచోట ఉండకుండా గెంతుతూ పోతే? గెంతడం తేలికే. పంపేవాడూ వినేవాడూ ఒకే క్షణాన ఒకే చోటికి గెంతడమే కష్టం. దానికి సమాధానం రెండు చుట్టలు.

పేటెంట్ నంబరు 2,292,387. దరఖాస్తు 1941 జూన్ 10, మంజూరు 1942 ఆగస్టు 11. ‘లామార్’ అని వెతికితే దొరకదు. అప్పటి పెళ్ళి పేరుతో ‘హెడీ కీస్లర్ మార్కీ’ అని ఉంటుంది. కాగితాలు చదివితే నిర్మాణం ఇలా కనిపిస్తుంది. ఓడలో ఒక చుట్ట, టార్పెడోలో దాని జత. ఒక్కో చిల్లుల వరుసకు ఒక్కో కండెన్సర్, అంటే రేడియో ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉండాలో తేల్చే విద్యుత్ భాగం. చిల్లు రాగానే గాలి పీడనంతో స్విచ్ పడి ఆ కండెన్సర్ రేడియోకు తగులుకుంటుంది, ఫ్రీక్వెన్సీ మారుతుంది. మనం రేడియో ముల్లు తిప్పి స్టేషన్ మార్చే పనిని ఇక్కడ కాగితం చేస్తోంది. పియానో చుట్టలాగే 88 ఫ్రీక్వెన్సీలు వాడుకోవచ్చని పేటెంట్‌లో రాశారు. ఎడమకు తిరగమంటే సెకనుకు 100 కంపనాల ధ్వని, కుడికి 500. రెండు చుట్టలనూ ఒకే గుర్తు దగ్గర మేకుతో ఆపి ఉంచుతారు. టార్పెడో వదిలిన క్షణాన రెండు మేకులూ ఒకేసారి లేస్తాయి, సమాన వేగపు మోటార్లు తిప్పడం మొదలుపెడతాయి.

అందులో ఇంకో తెలివి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. గీసిన బొమ్మలో పంపే యంత్రానికి ఏడు ఛానెళ్ళు, టార్పెడోకు నాలుగే. మిగిలిన మూడింటి మీద ఓడ ఉత్తుత్తి ఆజ్ఞలు పంపుతుంది. శత్రువు వాటి వెంట పడతాడు, టార్పెడో ఆ కాసేపు వినదు.

నౌకాదళం ఆ పేటెంట్‌ను పక్కన పెట్టింది. టార్పెడోలో పియానో పెట్టమంటున్నారని వాళ్ళు అనుకున్నారని ఆంథీల్ తర్వాత రాసుకున్నాడు. ఆమెను యుద్ధ బాండ్లు అమ్మమన్నారు, అమ్మింది. పేటెంట్ గడువు 1959లో తీరిపోయింది. ఆమెకు దాని మీద పైసా రాలేదు.

‘ఆమే మొదట’ అన్నవాళ్ళకూ, ‘ఆమె చేసిందేమీ లేదు’ అన్నవాళ్ళకూ చెప్పాల్సింది ఒకటుంది. ఫ్రీక్వెన్సీ మార్చుతూ రహస్యంగా పంపాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ బ్రోర్ట్యెస్‌కు 1932లోనే అమెరికా పేటెంట్ ఉంది. ఆమె పేరు అంటించే జీపీఎస్ అసలు గెంతదు, దాని పద్ధతి వేరు. 1997 నాటి తొలి వైఫై ప్రమాణంలో గెంతే పద్ధతి ఒకటి ఉండేది, తర్వాత వాడుకలోంచి పోయింది. బ్లూటూత్ మాత్రం నిజంగా గెంతుతుంది: పాత పద్ధతిలో 79 ఛానెళ్ళ మీద సెకనుకు 1,600 సార్లు. అక్కడ కాగితపు చుట్ట స్థానంలో ఉన్నది నడిపించే పరికరంలోని గడియారం, ఆ పరికరం చిరునామా. ఈ రెండూ తెలిస్తే తర్వాతి గెంతు ఎక్కడికో రెండో పరికరం లెక్క కట్టుకుంటుంది. జతగా కదిలే రెండు చుట్టలు, కదలిక మొదలయ్యే ఒకే క్షణం: హెడీ, ఆంథీల్‌ల సొంత తెలివి ఇదే. దీనికి పెద్ద పేర్లు అంటించనక్కర్లేదు.

బయటికి వస్తే మూల మీద కాల్చిన చెస్ట్‌నట్లు. కాగితపు పొట్లం 4 యూరోలు. తొక్క వేడిగా ఉన్నప్పుడే ఊడుతుంది, చల్లారితే లోపలి పొర గింజకు అంటుకుపోతుంది.

నవంబర్ 11, సోమవారం: 71 నంబర్ ట్రామ్

సెయింట్ మార్టిన్ పండుగ. ప్రతి హోటల్ ముందు పలక మీద కాల్చిన పెద్దబాతు (గూస్), ఎర్ర క్యాబేజీ, రొట్టె ఉండలు. అది వద్దనుకుంటే చీజ్ కలిపిన గోధుమ నూడుల్స్, వేయించిన ఉల్లిపాయతో. లేదా ముక్కలు చేసిన తీపి అట్టు కైజర్‌ష్మారెన్. దీన్ని అప్పటికప్పుడు చేస్తారు, ఇరవై నిమిషాలు ఆగాలి, ఒక పళ్ళెం ఇద్దరికి సరిపోతుంది.

వియన్నాలో ఎవరైనా పోతే ‘71 ఎక్కాడు’ అంటారు. రింగ్ రోడ్డు నుంచి ష్వార్జెన్‌బెర్గ్‌ప్లాట్స్ మీదుగా పెద్ద శ్మశానానికి వెళ్ళే ట్రామ్ అది. 1874లో తెరిచిన ఆ శ్మశానంలో సుమారు 30 లక్షల మంది ఉన్నారు. స్టాపులు మూడు: ఒకటో గేటు, రెండో గేటు, మూడో గేటు. పేరు వినగానే మొదటి దాంట్లో దిగిపోతే పాత యూదు సమాధుల వైపు చేరతారు. అది తీరిగ్గా చూడదగ్గదే, తీగలు అల్లుకున్న రాళ్ళ మధ్య జింకలు తిరుగుతుంటాయి, కానీ హెడీ అక్కడ లేదు. దిగాల్సింది రెండో గేటు దగ్గర. గేటు బయట పూలూ, ఎర్ర గాజు దీపాలూ అమ్ముతారు.

ఆమె 2000 జనవరి 19న ఫ్లోరిడాలో చనిపోయింది. చితాభస్మంలో కొంత ఆమె కోరిక మేరకు వియన్నా అడవుల్లో చల్లారు. మిగిలినదాన్ని 2014లో, ఆమె నూరో జయంతి ఏట, నగరం ఇచ్చిన గౌరవ సమాధిలో ఉంచారు. విభాగం 33జీ, నంబరు 80. రాయి బదులు నిలువుగా నిలబెట్టిన ఉక్కు కడ్డీలు, వాటి మీద గుండ్లు. మబ్బు రోజున కూడా మెరుస్తాయి. ఎవరో చిన్న గులకరాళ్ళు పెట్టి వెళ్ళారు, యూదుల ఆచారం. గుర్తు కావాలంటే అదే 33జీలో 85వ నంబరు వెతకండి: గాయకుడు ఉడో యూర్గెన్స్ సమాధి, గుడ్డ కప్పిన తెల్లరాతి పియానో. దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడి నుంచి నాలుగడుగులు.

శీతాకాలంలో గేట్లు పెందరాళే మూస్తారు, చీకటి పడకముందే వెనక్కి తిరగాలి. మధ్యాహ్నానికి 72 గంటలూ అయిపోయాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి అప్పట్లో 2.40 యూరోల టికెట్ విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. ఊళ్ళోకి వెళ్ళే 71 రోడ్డుకు అవతలి స్టాపులో ఆగుతుంది. దిగిన వైపే మళ్ళీ ఎక్కితే ఊరి బయటికి, కైజరెబర్స్‌డార్ఫ్‌కు తీసుకెళ్తుంది.